అధికారి మారినప్పుడు అనుమతి మారవలెను: డేటాబేస్ రక్షణపై ఒక పాఠం

పురపాలక కార్యాలయాలలో ఒకప్పుడు జనన మరణాల పుస్తకం ఇనుప బీరువాలో ఉండేది. బీరువా తాళం చెవి ఎవరి వద్ద ఉంటే పుస్తకంలో వ్రాసే అధికారం వారిది. గుమస్తా బదిలీ అయిన రోజున తాళం చెవి చేతులు మారేది. ఛార్జి అప్పగింత పత్రంపై ఇచ్చినవారు, పుచ్చుకున్నవారు ఇద్దరూ తేదీ వేసి సంతకం చేసేవారు. నేడు ఆ పుస్తకం డేటాబేస్‌గా మారినది. ఇంటిపన్ను, నీటి కుళాయి, వ్యాపార లైసెన్సు, జనన ధ్రువపత్రం అన్నీ దానిలోనే నమోదవుతున్నవి. బీరువా తాళం స్థానంలో ఇప్పుడు లాగిన్, పాస్‌వర్డ్, అనుమతి అనేవి వచ్చినవి. తాళం చెవి ఎవరి చేతిలో ఉన్నదో కంటికి కనబడేది, అనుమతి కనబడదు. అందువలన అది మారే విధానం మరింత క్రమబద్ధంగా ఉండవలసి ఉన్నది.

ఈ విషయం ఉద్యోగులకే గాక పౌరులందరికీ సంబంధించినది. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టానికి 2023లో చేసిన సవరణ అదే సంవత్సరం అక్టోబరు 1 నుండి అమలులోకి వచ్చినది. ఆ తేదీ నాడు గాని, తరువాత గాని పుట్టినవారికి పాఠశాల ప్రవేశం, డ్రైవింగ్ లైసెన్సు, ఓటర్ల జాబితా, వివాహ నమోదు, ప్రభుత్వోద్యోగం, పాస్‌పోర్టు వంటి వాటన్నింటికీ జనన ధ్రువపత్రమే పుట్టిన తేదీకి, పుట్టిన స్థలానికి ఆధారమవుతుంది. బెంగళూరు, బళ్ళారి, చెన్నై, హోసూరు, బరంపురం, షోలాపూర్, ముంబయి, యానాం వంటి చోట్ల తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇందులో మరొక చిక్కు కలదు. తెలుగువారు ఇంటిపేరు ముందు వ్రాస్తారు. తమిళనాడులో తండ్రి పేరులోని తొలి అక్షరం ముందు వ్రాసే అలవాటు ఉన్నది. మహారాష్ట్రలో ఇంటిపేరు చివర వస్తుంది. ఒకే మనిషి పేరు ఒక దస్త్రంలో ఒక విధంగా, మరొక దస్త్రంలో మరొక విధంగా పడి, సవరణ కోసం దరఖాస్తు పెట్టుకొనేవారిలో ఇటువంటి కుటుంబాలవారు తరచుగా ఉంటారు. ఆ సవరణ చేసిన వ్యక్తికి ఆ రోజున ఆ అధికారం ఉన్నదా అనే ప్రశ్నకు రికార్డు ఒకే ఒక సమాధానం చెప్పగలగాలి. అలా చెప్పలేకపోతే సరియైన సవరణను కూడా ఎవరైనా ప్రశ్నించగలరు. తప్పుడు సవరణను ఎవరూ పట్టుకోలేరు.

1. అనుమతి అంటే ఏమి?

డేటాబేస్ అంటే పట్టికల సముదాయం. ప్రతి పట్టికపైనా ముఖ్యంగా నాలుగు పనులు చేయవచ్చును: చదవడం, కొత్త వరుస చేర్చడం, ఉన్నదానిని మార్చడం, తొలగించడం. ఏ వినియోగదారు ఏ పట్టికపై ఏ పని చేయవచ్చునో నిర్ణయించేదే అనుమతి. అనుమతులను ఇచ్చి పుచ్చుకొనే అధికారం గలవారు అడ్మినిస్ట్రేటర్లు.

ప్రతి ఉద్యోగికీ విడివిడిగా అనుమతులు ఇస్తూ పోతే లెక్క తప్పుతుంది. కాబట్టి ‘జనన నమోదు గుమస్తా’, ‘పన్నుల తనిఖీదారు’ వంటి పేర్లతో రోల్ అనబడే ఒక పాత్రను ఏర్పరచి, అనుమతులను ఆ పాత్రకు ఇచ్చి, ఉద్యోగిని ఆ పాత్రలో చేరుస్తారు. ఉద్యోగి బదిలీ అయితే పాత్ర నుండి తప్పిస్తారు. పదవికి అధికారం, మనిషికి పదవి అన్న పాత పరిపాలనా సూత్రమే ఇక్కడ కూడా పనిచేస్తున్నది.

డేటాబేస్‌లలో నేడు వ్యాప్తిలో ఉన్న పట్టికల పద్ధతిని ఎడ్గర్ కాడ్ 1970లో ప్రతిపాదించాడు. ఆయన పనిచేసిన ఐబీఎం సంస్థ శాన్ హోసే పరిశోధనశాలలోనే ఆ దశాబ్దంలో ‘సిస్టమ్ ఆర్’ అనే ప్రయోగాత్మక డేటాబేస్ తయారైనది. అనుమతి ఇవ్వడానికి ‘గ్రాంట్’, వెనుకకు తీసుకోవడానికి ‘రివోక్’ అనే రెండు ఆదేశాలు ఆ కృషి నుండి వచ్చినవే. నేటి ఒరాకిల్, పోస్ట్‌గ్రెస్, మై ఎస్‌క్యూఎల్ మూడింటిలోను అవే ఆదేశాలు ఉన్నవి. ఆదేశాల పేర్లు ఒకటే అయినా వాటి ఫలితం అన్నిచోట్లా ఒకటి కాదు. ఈ పాఠంలో గ్రహించవలసిన మొదటి విషయం ఇదే.

2. ఇచ్చినది తీసుకుంటే, దానినుండి పుట్టినది ఏమవుతుంది?

ఒక అడ్మినిస్ట్రేటర్ జనన పట్టికను సవరించే అనుమతిని విభాగాధికారికి ఇచ్చి, దానిని ఇతరులకు కూడా ఇచ్చే హక్కును జతచేశాడని అనుకొందాము. విభాగాధికారి అదే అనుమతిని ఒక గుమస్తాకు ఇచ్చాడు. కొంతకాలానికి విభాగాధికారి బదిలీ కాగా అడ్మినిస్ట్రేటర్ అతని అనుమతిని వెనుకకు తీసుకున్నాడు. గుమస్తా అనుమతి మాట ఏమి?

పట్రీషియా గ్రిఫిత్స్, బ్రాడ్‌ఫర్డ్ వేడ్ అనే ఇద్దరు పరిశోధకులు 1976లో సిస్టమ్ ఆర్ గురించి వెలువరించిన వ్యాసంలో ఈ ప్రశ్నకు స్పష్టమైన సమాధానం ఇచ్చారు. అనుమతిని వెనుకకు తీసుకున్న తరువాత, అది అసలు ఇవ్వనే లేదు అన్నట్లుగా వ్యవస్థ ఉండవలెనని వారి సూత్రం. దీనికై ప్రతి అనుమతి ఎవరి నుండి ఎవరికి, ఏ క్రమంలో వెళ్ళినదో గుర్తుంచుకొనే ఏర్పాటు చేశారు. ఉదాహరణకు విభాగాధికారికి 10 గంటలకు ఒక అడ్మినిస్ట్రేటర్ నుండి, 12 గంటలకు మరొక అడ్మినిస్ట్రేటర్ నుండి అదే అనుమతి వచ్చినది. అతడు గుమస్తాకు ఇచ్చినది 11 గంటలకు. మొదటి అడ్మినిస్ట్రేటర్ తన అనుమతిని వెనుకకు తీసుకుంటే విభాగాధికారికి రెండవవారు ఇచ్చినది మిగులుతుంది. కాని 11 గంటలకు గుమస్తాకు ఇచ్చే నాటికి అతనికి ఉన్న ఆధారం మొదటిది ఒక్కటే. కాబట్టి గుమస్తా అనుమతి పోవలెను. ఈ పద్ధతిలోని ఒక లోపాన్ని రొనాల్డ్ ఫేగిన్ 1978లో చూపి సరిదిద్దాడు.

నేటి వ్యవస్థలు ఈ కాలక్రమ నియమాన్ని యథాతథంగా పాటించడం లేదు. పైన చెప్పిన సందర్భంలో పోస్ట్‌గ్రెస్ గంటల క్రమాన్ని చూడదు. విభాగాధికారికి ఇతరులకిచ్చే హక్కు ఇంకా ఏ మార్గంలోనైనా మిగిలి ఉన్నదా అని మాత్రమే చూస్తుంది. మిగిలి ఉంటే గుమస్తా అనుమతి నిలుస్తుంది. మిగలకపోతే, మామూలుగా ఆ రివోక్ ఆదేశాన్నే తిరస్కరిస్తుంది. ‘క్యాస్కేడ్’ అన్న మాటను చేర్చినప్పుడే కింది అనుమతులను కూడా వరుసగా తొలగిస్తుంది. ఒరాకిల్‌లో పట్టిక వంటి ఒక వస్తువుపై ఇచ్చిన అనుమతిని తీసివేస్తే దానినుండి పుట్టినవి కూడా పోతవి. వ్యవస్థ మొత్తానికి సంబంధించిన అనుమతిని తీసివేస్తే మాత్రం, పుచ్చుకున్నవాడు ఇతరులకు ఇచ్చినవి అలాగే ఉండిపోతవి.

ఇంకొక మెలకువ అవసరం. ఒకే వ్యక్తికి ఒకే అనుమతి పలు మార్గాల నుండి రావచ్చును: స్వయంగా ఇచ్చినది, పాత్ర ద్వారా వచ్చినది, అందరికీ కలిపి ఇచ్చినది. ఒక మార్గం మూసినంత మాత్రాన తక్కినవి మూతపడవు. తాళం వేసి గొళ్ళెం మరచినట్లు, రివోక్ ఆదేశం ఇచ్చి ‘అయినది’ అనుకోవడం ఇటువంటి చోటనే ప్రమాదకరం. ఆదేశం ఇచ్చిన తరువాత ఆ వ్యక్తి నిజంగా ఆ పని చేయగలడా లేదా అని పరీక్షించి చూడడమే సరియైన ముగింపు.

3. ఏ క్షణం నుండి అమలు?

కార్యాలయ ఉత్తర్వు అందిన క్షణం నుండి అమలు కావలెనని అందరూ భావిస్తారు. డేటాబేస్‌లో అలా జరుగుతుందని అనుకోరాదు. అప్పటికే లోపలికి ప్రవేశించి పనిచేస్తున్న వినియోగదారు సంగతి వేరు. ఒకసారి లాగిన్ అయి, మళ్ళీ బయటకు వెళ్ళేవరకు సాగే కాలాన్ని సెషన్ అంటారు.

మై ఎస్‌క్యూఎల్‌లో ఇందుకు మూడు విధాలైన నియమాలు ఉన్నవి. ఒక పట్టికపై గాని, పట్టికలోని ఒక నిలువు వరుసపై గాని ఉన్న అనుమతిని మారిస్తే, ఆ వినియోగదారు ఇచ్చే తరువాతి ఆదేశం నుండే మార్పు అమలవుతుంది. ఒక డేటాబేస్ మొత్తంపై ఉన్న అనుమతిని మారిస్తే, అతడు ఆ డేటాబేస్‌ను మళ్ళీ ఎంచుకున్నప్పుడు అమలవుతుంది. సర్వర్ మొత్తానికి వర్తించే అనుమతులు, పాస్‌వర్డ్ మార్పులు అతడు కొత్తగా లాగిన్ అయినప్పుడు మాత్రమే అమలవుతవి. అంటే అధికారం ఎంత పెద్దదైతే, దాని తొలగింపు అంత ఆలస్యంగా పనిచేసే అవకాశం ఉన్నది. ఉదయం నుండి తెరచి ఉంచిన కంప్యూటర్ ముందు కూర్చున్నవారికి మధ్యాహ్నం వచ్చిన ఉత్తర్వు సాయంత్రం వరకు అంటకపోవచ్చును.

ఒరాకిల్‌లో నేరుగా ఇచ్చిన అనుమతిని తీసివేస్తే వెంటనే అమలవుతుంది. పాత్ర నుండి తప్పించినప్పుడు మాత్రం, ఆ వినియోగదారు పాత్రను తిరిగి చేపట్టబోయినప్పుడో, కొత్త సెషన్ మొదలుపెట్టినప్పుడో ఆ మార్పు తెలుస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో ఒకరికి లాగిన్ అయ్యే హక్కును తొలగిస్తే కొత్త ప్రవేశాలు ఆగుతవి గాని, అప్పటికే సాగుతున్న సెషన్ ఆగదు.

వీటన్నింటి సారాంశం ఒకటే: అనుమతిని తీసివేయడం, సాగుతున్న సెషన్‌ను ముగించడం రెండు వేర్వేరు పనులు. రెండూ చేసిన తరువాతనే ఛార్జి అప్పగింత పూర్తి అయినట్లు. తెలుగు పల్లెల చరిత్రలో దీనికి సరిపోలిన ఉదాహరణ కలదు. తమిళనాడులో 1980లోను, ఆంధ్రప్రదేశ్‌లో 1984లోను పార్ట్‌టైం గ్రామాధికారుల పదవులను రద్దుచేశారు. కరణం పదవి ఒక్క ఉత్తర్వుతో పోయినది. గ్రామ లెక్కల పుస్తకాలు మాత్రం ఆ ఉత్తర్వుతో వాటంతట అవి కదలివచ్చేవి కావు. పదవిని రద్దుచేయడం ఒక పని, దస్త్రాలను స్వాధీనం చేసుకోవడం మరొక పని.

4. సగంలో ఆగిన బదిలీ

జనన విభాగంలోని గుమస్తాను పన్నుల విభాగానికి మార్చినారనుకొందాము. అడ్మినిస్ట్రేటర్ రెండు ఆదేశాలు ఇవ్వవలెను: పాత పాత్ర నుండి తప్పించడం, కొత్త పాత్రలో చేర్చడం. రెండింటి మధ్య విద్యుత్తు పోయినా, నెట్‌వర్క్ తెగినా గుమస్తాకు రెండు అధికారాలూ మిగలవచ్చును, లేదా ఏదీ లేకుండా పోవచ్చును.

బ్యాంకులో ఒక ఖాతా నుండి మరొక ఖాతాకు సొమ్ము మారే పనిని డేటాబేస్ ఒకే లావాదేవీగా చూస్తుంది. అయితే పూర్తిగా జరుగుతుంది. కాకపోతే అసలు జరగనట్లే. పోస్ట్‌గ్రెస్ అనుమతుల మార్పులను కూడా ఇటువంటి లావాదేవీలో చేర్చనిస్తుంది. రెండవ ఆదేశం విఫలమైతే మొదటిదానిని కూడా వెనుకకు మళ్ళించవచ్చును. మై ఎస్‌క్యూఎల్‌లో గ్రాంట్, రివోక్ ఆదేశాలు ఒక్కొక్కటి ఇచ్చిన వెంటనే స్థిరపడతవి; రెండింటిని ఒకే లావాదేవీగా కట్టడానికి వీలు లేదు. ఇటువంటి చోట క్రమమే రక్షణ: ముందుగా తీసివేత, తరువాత చేర్పు. మధ్యలో ఏదైనా ఆగితే ఉద్యోగికి కొంతసేపు పని నిలుస్తుంది, అంతే. క్రమం తారుమారు అయితే ఒకే మనిషి చేతిలో రెండు విభాగాల తాళాలు ఉండిపోతవి. పని నిలిచిన సంగతి ఆ ఉద్యోగి వెంటనే ఫిర్యాదు చేస్తాడు. అధికంగా మిగిలిన అధికారం గురించి ఫిర్యాదు చేసేవారు అరుదు.

పాత బ్యాకప్ నుండి డేటాబేస్‌ను పునరుద్ధరించేటప్పుడు కూడా ఈ జాగ్రత్త అవసరం. గత నెలలో తీసిన బ్యాకప్‌లో గత నెల నాటి అనుమతులు ఉండవచ్చును. వాటిని కూడా తిరిగి నింపితే, ఈ నెలలో తొలగించిన ఉద్యోగి అధికారం మళ్ళీ ప్రాణం పోసుకొంటుంది. పునరుద్ధరణ పూర్తయిన వెంటనే, ప్రజలకు సేవ తెరువకముందే, ఆ మధ్యకాలంలో జరిగిన అనుమతి మార్పులను వరుసగా మళ్ళీ అమలుచేయవలెను.

5. నకళ్ళు అనేకమైనప్పుడు

పెద్ద నగరాల సమాచారం ఒకే కంప్యూటర్‌లో ఉండదు. అనేక సర్వర్లలో దాని నకళ్ళు ఉంటవి. ప్రతి ఆదేశానికీ అనుమతి పట్టికను చూడడం వలన ఆలస్యమవుతుంది కనుక, ఒకసారి చూసిన అనుమతిని సర్వర్ కొంతసేపు తన జ్ఞాపకంలో దాచుకుంటుంది. కసాండ్రా అనే డేటాబేస్‌లో ఈ వ్యవధి మామూలుగా 2 సెకన్లు. మొంగో డీబీ సమాచారాన్ని పలు యంత్రాలకు పంచి నడిపేటప్పుడు, మధ్యలో ఉండి దారి చూపే సర్వర్ తన వద్ద దాచిన వినియోగదారుల వివరాలు పాతబడినవా అని మామూలుగా 30 సెకన్లకొకసారి చూస్తుంది. ఆ కొద్ది వ్యవధిలో తొలగించిన అనుమతి కొన్నిచోట్ల చెల్లుతుంది, కొన్నిచోట్ల చెల్లదు.

జెరోమ్ సాల్ట్‌జర్, మైకేల్ ష్రోడర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1975లోనే దీనిని గురించి హెచ్చరించారు. ప్రతి ప్రవేశాన్నీ ప్రతిసారీ పరీక్షించవలెనని, వేగం కోసం పాత పరీక్షా ఫలితాన్ని గుర్తుంచుకొనే ఏ ఏర్పాటునైనా అనుమానంతో చూడవలెనని, అధికారం మారితే గుర్తుంచుకున్న ఫలితాలను కూడా పద్ధతి ప్రకారం మార్చవలెనని వారు వ్రాశారు.

30 సెకన్లు చిన్న వ్యవధియే గదా అనిపించవచ్చును. చిక్కు వ్యవధిలో కంటె క్రమంలో ఎక్కువగా ఉన్నది. ఒక విభాగాధికారి ఒక ఉద్యోగిపై వచ్చిన ఫిర్యాదును విచారిస్తున్నాడు. మొదట ఆ ఉద్యోగిని ఫైళ్ళ అర నుండి తప్పించాడు. తరువాత ఫిర్యాదుదారు పేరు గల పత్రాన్ని ఆ అరలో చేర్చాడు. ఆయన దృష్టిలో క్రమం సరిగానే ఉన్నది. కాని ఒక సర్వర్‌కు కొత్త పత్రం ముందుగా చేరి, తొలగింపు వార్త తరువాత చేరితే, ఆ ఉద్యోగి ఫిర్యాదుదారు పేరును చదివివేస్తాడు. ఆ తరువాత అనుమతి పోయినా చదివినది మరచిపోడు.

గూగుల్ సంస్థ తన క్యాలెండర్, డ్రైవ్, ఫోటోలు, యూట్యూబ్ వంటి సేవలలో అనుమతులను ‘జాంజిబార్’ అనే ఒకే వ్యవస్థ ద్వారా పరీక్షిస్తున్నది. దాని వివరాలను 2019లో ఒక పరిశోధన పత్రంగా ప్రకటించింది. పైన చెప్పిన చిక్కుకు ఆ పత్రంలో ‘కొత్త శత్రువు సమస్య’ అని పేరు పెట్టినారు. పరిష్కారం ఇది: అనుమతులలో జరిగే ప్రతి మార్పుకూ ప్రపంచమంతటికీ వర్తించే ఒక కాలముద్ర పడుతుంది. ఒక పత్రం మారినప్పుడు, ఆనాటి కాలముద్రను సూచించే చిన్న గుర్తును పత్రంతోపాటు భద్రపరుస్తారు. ఎవరైనా ఆ పత్రాన్ని చదవబోతే, సర్వర్ ఆ గుర్తు కంటె పాతదైన అనుమతుల పట్టికను ఆధారం చేసుకోరాదు. దూరాన ఉన్న నకలు కొంత వెనుకబడి ఉండవచ్చును. కాని పత్రం కంటె వెనుకబడి ఉండరాదు. ప్రతి చోటా ప్రతి క్షణం తాజాగా ఉండడం సాధ్యపడని చోట కూడా ‘ముందు తొలగింపు, తరువాత పత్రం’ అన్న క్రమాన్ని ఈ విధంగా కాపాడవచ్చును.

6. ఇద్దరు అడ్మినిస్ట్రేటర్లు ఒకేసారి

ఇద్దరు అడ్మినిస్ట్రేటర్లు ఒకే సమయంలో ఒకరినొకరు తొలగించారనుకొందాము. ఒకే సర్వర్‌లో, ఒకే వరుసలో ఆదేశాలు అమలైతే ముందు వచ్చినది చెల్లుతుంది. రెండవవారికి అప్పటికే అధికారం లేనందున వారి ఆదేశం చెల్లకూడదు. వేర్వేరు నకళ్ళలో ఆ ఆదేశాలు పడి, తరువాత కలిస్తే రెండూ చెల్లినట్లై అడ్మినిస్ట్రేటర్ లేని వ్యవస్థ మిగలవచ్చును. ఇటువంటి వివాదానికి తీర్పు అప్పటికప్పుడు వెదకేది కాదు, ముందే వ్రాసిపెట్టుకోవలసినది. అడ్మినిస్ట్రేటర్ స్థాయి మార్పులన్నీ ఒకే ప్రధాన సర్వర్ ద్వారా సాగవలెను. చివరి అడ్మినిస్ట్రేటర్‌ను తొలగించే ఆదేశాన్ని వ్యవస్థ తిరస్కరించవలెను. ఒకరి అధికారాన్ని తొలగించడానికి మరొకరి ఆమోదం కూడా ఉండవలెను. సాల్ట్‌జర్, ష్రోడర్‌లు రెండు తాళం చెవుల సూత్రాన్ని సిఫారసు చేసినది కూడా ఇందుకే: ఒక్కరి పొరపాటు, ఒక్కరి దురుద్దేశం తాళాన్ని తెరువలేకపోవలెను.

7. అనుమతి మార్పు కూడా ఒక రికార్డే

జనన మరణాల నమోదు చట్టంలోని 15వ సెక్షన్ పౌరులందరూ తెలుసుకోదగినది. నమోదులో తప్పు ఉన్నదని రుజువైతే రిజిస్ట్రార్ సవరించవచ్చును. కాని మొదటి వ్రాతను చెరపరాదు. పక్కన ఉన్న మార్జిన్‌లో సవరణ వ్రాసి, సంతకం చేసి, తేదీ వేయవలెను. పాత వ్రాత, కొత్త వ్రాత, మార్చినవారి సంతకం, తేదీ అన్నీ ఒకే పుటలో నిలుస్తవి.

అనుమతుల విషయంలో పాటించవలసినది సరిగ్గా ఈ మార్జిన్ ధర్మమే. ఎవరి అనుమతి, ఎవరు మార్చారు, ఎవరి ఉత్తర్వుపై, ఏ తేదీన, ఏ సమయాన అన్న వివరాలు లాగ్ అనబడే చిట్టాలో చేరవలెను. ఆ చిట్టాను మార్చే అధికారం అనుమతులు మార్చే అడ్మినిస్ట్రేటర్‌కు ఉండరాదు. భారత ప్రభుత్వ సైబర్ అత్యవసర స్పందన సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న జారీచేసిన ఆదేశాల ప్రకారం ప్రభుత్వ సంస్థలతో సహా సంస్థలన్నీ తమ కంప్యూటర్ వ్యవస్థల లాగ్‌లను 180 రోజులపాటు దేశంలోనే భద్రపరచవలెను; గడియారాలను కూడా ప్రామాణిక కాలంతో సరిచూసుకోవలెను. గడియారాలు కలవకపోతే ‘ముందు’, ‘తరువాత’ అన్న మాటలకు అర్థం ఉండదు.

అనుమతి లేకుండా కంప్యూటర్‌లోకి ప్రవేశించడం, సమాచారాన్ని మార్చడం 2000 నాటి సమాచార సాంకేతిక చట్టంలోని 43వ సెక్షన్ కిందికి వస్తుంది. మోసపూరితంగా చేస్తే 66వ సెక్షన్ ప్రకారం మూడేళ్ళ వరకు జైలు శిక్షకు అవకాశమున్నది. కాని ఒకరికి ఆ రోజున అనుమతి లేదని రుజువు చేయవలెనంటే, అనుమతి తొలగించిన తేదీ, సమయం చిట్టాలో ఉండి తీరవలెను.

8. పౌరులకు, తెలుగు సంఘాలకు సూచనలు

పేరు, పుట్టిన తేదీ, ఇంటి చిరునామా సవరణకు దరఖాస్తు పెట్టినప్పుడు దరఖాస్తు సంఖ్య, తేదీ గల రసీదు తీసుకొని భద్రపరచవలెను. సవరణకు ముందున్న ధ్రువపత్రపు నకలును పారవేయరాదు.

అడుగకుండానే వివరాలు మారినట్లు కనిపిస్తే, 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద ఆ మార్పు ఏ తేదీన, ఏ హోదాగల అధికారి లాగిన్ నుండి, ఏ ఉత్తర్వు ఆధారంగా జరిగినదో అడుగవచ్చును. మామూలుగా 30 రోజులలో సమాధానం ఇవ్వవలసి ఉన్నది. లాగ్‌లు కొంతకాలం మాత్రమే ఉండవచ్చును గనుక ఆలస్యం చేయరాదు.

మధ్యవర్తికి ఓటీపీ చెప్పడం అంటే సొంత పేరుతో వ్రాసే అధికారాన్ని అతనికి ఇచ్చినట్లే. దానికి రివోక్ ఆదేశం లేదు.

తెలుగు సంఘాలు, అపార్ట్‌మెంటు సంఘాలు, చిట్టీల లెక్కలు చూసే సమితులు కూడా నేడు సభ్యుల జాబితాలను కంప్యూటర్‌లో ఉంచుకుంటున్నవి. కార్యవర్గం మారిన రోజున ఈ అయిదు పనులు చేసి, సమావేశపు మినిట్స్‌లో వ్రాసుకొనవలెను:

అ) పాత కార్యదర్శి, కోశాధికారి అనుమతుల తొలగింపు ముందు, కొత్తవారి చేర్పు తరువాత.

ఆ) సాగుతున్న అన్ని లాగిన్‌లను ముగించడం.

ఇ) పాతవారు ఇతరులకు ఇచ్చిన అనుమతులను, అందరూ పంచుకున్న పాస్‌వర్డ్‌లను వెదకి తీసివేయడం లేదా మార్చడం.

ఈ) అడ్మినిస్ట్రేటర్లుగా కనీసం ఇద్దరిని ఉంచడం.

ఉ) పాత లాగిన్‌తో ప్రవేశించ ప్రయత్నించి, తలుపు నిజంగా మూసుకున్నదని చూసుకోవడం.

పాతవారిపై అనుమానంతో చేసే పనులు కావు ఇవి. రేపు లెక్కలలో తేడా వస్తే, పదవి వదిలినవారికి ఆ తేదీ తరువాత ఏ సంబంధమూ లేదని చెప్పగల సాక్ష్యం కూడా ఇదే. అప్పగింత పత్రంపై సంతకం ఇద్దరినీ కాపాడినట్లే, క్రమంగా జరిగిన అనుమతి మార్పు కూడా ఇద్దరినీ కాపాడుతుంది.

అభ్యాసం

1. గుమస్తా అనుమతిని 11 గంటలకు తొలగించారు. 11 గంటల 20 నిమిషాలకు అతని లాగిన్ నుండి ఒక పేరు మారినది. దీనికి రెండు కారణాలు చెప్పండి.
జవాబు: సాగుతున్న సెషన్‌ను ముగించకపోవడం, అదే అనుమతి వేరొక పాత్ర ద్వారా అతనికి మిగిలి ఉండడం.

2. లావాదేవీగా కట్టడానికి వీలులేని చోట బదిలీ ఆదేశాలను ఏ క్రమంలో ఇవ్వవలెను? ఎందుకు?
జవాబు: ముందు తీసివేత, తరువాత చేర్పు. మధ్యలో ఆగితే అధికారం తగ్గవచ్చును గాని, అధికంగా మిగలదు.

3. దాచుకున్న నకలు 2 సెకన్లలో తాజా అవుతుంది గనుక ప్రమాదం లేదనవచ్చునా?
జవాబు: అనరాదు. తొలగింపు కంటె ముందు కొత్త పత్రం చేరితే చదవడానికి 2 సెకన్లు చాలును. కాలం తగ్గించడంతోపాటు క్రమాన్ని కాపాడవలెను.

4. లాగ్‌ను మార్చే అధికారం అడ్మినిస్ట్రేటర్‌కు ఎందుకు ఉండరాదు?
జవాబు: తన అధికారానికి తానే సాక్షి అయితే ఆ సాక్ష్యం నిలువదు గనుక.